మన వీడియోలకు ఇంట్లోనే ఒక గాదె: పాత కంప్యూటర్‌తో స్టోరేజ్ సర్వర్

పై వీడియోలో మా ఇంట్లో మెట్ల కింద నడుస్తున్న కంప్యూటర్ చూపించాను. చూడ్డానికి ఆఫీసుల్లో వాడి పక్కన పడేసిన డెస్క్‌టాప్‌లా ఉంటుంది, నిజానికి అది అదే. దానిలోనే మా వీడియోలన్నీ భద్రంగా ఉంటున్నాయి. ఇంట్లోవాళ్ల ఫోన్లలో ఫొటోలు రాత్రిపూట వాటంతటవే అందులోకి చేరుతున్నాయి. హాల్లో టీవీ మీద మన పాత వీడియోలు కూడా దాన్నుంచే చూస్తున్నాం. తెర మీద ఎక్కడ నొక్కాలో వీడియోలో చూపించాను కాబట్టి మళ్లీ అదంతా రాయను. ఎందుకు అలాగే చేయాలి అన్నది ఇక్కడ రాస్తున్నాను. ఇందులో ఒకటి రెండు చోట్ల తేడా చేస్తే, పైకి అంతా బాగానే నడుస్తూ ఉండి, ఏడాది తర్వాత ఒకరోజు మొత్తం పోతుంది.

ముందు ఇది మనకెందుకు అంటారా? మన వ్యవసాయంలో పంటతో పాటు రికార్డు కూడా పండించాలి. పీజీఎస్ గ్రూపులో ఉన్నవాళ్లకు ఇది బాగా తెలుసు. ఏ మడిలో ఏం వేశాం, ద్రవ జీవామృతం ఏ తేదీన పారించాం, పక్క చేలో కొట్టిన మందు మన మీదికి రాకుండా గట్టు మీద ఏం పెంచాం, తోటి రైతులు చూడ్డానికి వచ్చినప్పుడు ఏం రాసి సంతకం పెట్టారు, ఇవన్నీ అడిగినప్పుడు చూపించగలగాలి. దేశవాళీ వరి పెట్టేవాళ్లకు ఇంకో అవసరం. కాలాబట్టి, నవారా లాంటి రకాలు నాలుగైదు పక్కపక్కన వేస్తే కేళీలు ఏరేటప్పుడు నిరుడు, అంతకు ముందేడు వెన్ను ఎలా ఉందో ఫొటో పక్కన పెట్టుకుని చూడాల్సి వస్తుంది. ఇక పెద్దవాళ్లు ఉన్నారు. కాలం మీద లెక్క, పశువు వైద్యం, విత్తనం దాచే పద్ధతి గురించి వాళ్లు చెప్పింది మనం తీసిన వీడియోలో తప్ప ఇంకెక్కడా లేదు. వాళ్లలో కొందరు ఇప్పుడు లేరు. మళ్లీ వెళ్లి తీసుకుందామంటే కుదరదు.

ఇవన్నీ ఎక్కడున్నాయి? ఎక్కువమందికి ఫోన్‌లో, రెండు మూడు మెమరీ కార్డుల్లో, వాట్సాప్‌లో ఉంటాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో అయినా వీడియో అయినా కుదించేస్తుంది, ఆకు మీద పురుగు గుడ్లు చూద్దామని పెద్దది చేస్తే అలికేసినట్టు కనిపిస్తుంది. యూట్యూబ్‌లో ఉంది కదా అనుకుంటే, అది లోకానికి చూపించడానికి బాగుంటుంది, దాచుకోవడానికి కాదు. అక్కడ డౌన్‌లోడ్ నొక్కితే మనం ఎక్కించిన నాణ్యతలో తిరిగి రాదు. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. మామూలు ఫోన్‌లో 1080 నాణ్యతతో తీస్తే నిమిషానికి సుమారు 130 ఎంబీ అవుతుంది, అంటే 20 నిమిషాల వీడియో ఒక్కటే 2.6 జీబీ. ఆరు వీడియోలకు ఆ ఉచితం అయిపోయింది.

ఒక మాట ముందే చెప్పేస్తాను. మీ దగ్గర మొత్తం కలిపి 200, 300 జీబీ దాటకపోతే ఈ సర్వర్ జోలికి రావద్దు. రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు కొని రెంటిలోనూ ఒకటే ఎక్కించి, ఒకటి మీ ఇంట్లో, ఇంకోటి చుట్టాలింట్లో పెట్టుకోండి. అది చాలు. టెరాబైట్లలోకి వెళ్లినవాళ్లకు, ఇంట్లో నలుగురి ఫోన్లు కలిపి చూసుకోవాల్సినవాళ్లకు, గ్రూపు రికార్డులు మోసేవాళ్లకు ఈ పద్ధతి.

ఒకే యంత్రంలో మూడు గదులు

వర్చువల్ అంటే భయపడక్కర్లేదు. ఒక పెద్ద షెడ్డు ఉందనుకోండి. మధ్యలో గోడలు కట్టి ఒక గదిలో విత్తనాలు, ఒక గదిలో పనిముట్లు, ఒక గదిలో కషాయాలు పెడతాం. కషాయం డ్రమ్ము ఒలికినా విత్తనాల గదిలోకి రాదు. అలాగే ఒక కంప్యూటర్‌లో గోడలు కట్టే సాఫ్ట్‌వేర్ ప్రాక్స్‌మాక్స్. ఆస్ట్రియాలోని ఒక కంపెనీ తయారు చేస్తుంది, లినక్స్ మీద నడుస్తుంది, ఉచితంగా వాడుకోవచ్చు. లోపలికి వెళ్లినప్పుడల్లా సబ్‌స్క్రిప్షన్ లేదని ఒక పెట్టె చూపిస్తుంది, సరే అని నొక్కి ముందుకెళ్లిపోవడమే.

ఒక గదిలో ట్రూనాస్ ఉంటుంది. ఇది స్టోరేజ్ చూసుకునే సాఫ్ట్‌వేర్, ఇదీ ఉచితమే. ఇంకో గదిలో ఫోన్ల ఫొటోలు తీసుకునే ఇమ్మిచ్, టీవీకి వీడియోలు ఇచ్చే జెల్లీఫిన్ పెట్టాను. మూడోది ప్రయోగాల గది. కొత్తది ఏదన్నా చూడాలంటే అక్కడే చూస్తాను, పాడైతే చెరిపేసి మళ్లీ కట్టుకుంటాను. దానివల్ల స్టోరేజ్ గదికి ఏమీ కాదు. వర్చువల్ చేయడంలో నాకు నచ్చిన లాభం ఇదే. ఇవన్నీ ట్రూనాస్ ఒక్కదాన్లోనే పెట్టుకోవచ్చు కదా అని అడిగేవాళ్లుంటారు. పెట్టుకోవచ్చు. కానీ ప్రతి ప్రయోగం విత్తనాల గదిలోనే చేసినట్టు అవుతుంది. నాకైతే మనసొప్పదు.

కంప్యూటర్ సంగతి. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ లాంటివి ఆఫీసులు మార్చేసినప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతాయి. ఐ5 ఆరో తరం లేదా ఆ పైది అయితే సరిపోతుంది. కొనేటప్పుడు డబ్బా సైజు చూడండి. అరచేతంత చిన్న డబ్బాల్లో పెద్ద హార్డ్ డిస్కు పట్టనే పట్టదు, సన్నటి వాటిలో తరచుగా ఒక్కటే పడుతుంది. మనకు రెండు పట్టాలి కాబట్టి టవర్ రకమే తీసుకోండి. ర్యామ్ 16 జీబీ లేకుండా మొదలుపెట్టొద్దు, ట్రూనాస్ ఒక్కటే 8 జీబీ అడుగుతుంది. 32 ఉంటే హాయిగా ఉంటుంది. ఈసీసీ ర్యామ్ ఉంటే మంచిదే, లేదని ఆగిపోవాల్సిన పనిలేదు.

డబ్బు ఎక్కువ పోయేది డిస్కుల మీదే, అక్కడ మాత్రం పీనాసితనం చేయకండి. పెట్టె మీద సీఎంఆర్ అని ఉన్నవి అడిగి తీసుకోండి. సీగేట్ ఐరన్‌వుల్ఫ్, డబ్ల్యూడీ రెడ్ ప్లస్ అలాంటివి. ఎస్ఎంఆర్ అనే రకం ఉంటుంది, రాతలు ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా రాస్తుంది, ఇంటి కప్పు మీద పెంకులు పేర్చినట్టు. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే పక్కవన్నీ కదపాలి. రెండు డిస్కుల్లో ఒకటి పోయి కొత్తది పెట్టినప్పుడు, పాతదాన్లోంచి కొత్తదాన్లోకి మొత్తం ఎక్కడానికి ఈ రకంలో రోజులు పడుతుంది. ఆ రోజుల్లోనే రెండోది కూడా పోతే అంతే సంగతులు. డబ్ల్యూడీ వాళ్ల రెడ్ డిస్కుల్లోనే ఈ రకం ఉందని 2020లో బయటపడి పెద్ద గొడవ అయింది. అందుకే రెడ్ వేరు, రెడ్ ప్లస్ వేరు అని గుర్తుపెట్టుకోండి. ఇంకోటి, యూఎస్‌బీ డబ్బాల్లో ఉండే డిస్కులు ఈ పనికి వాడొద్దు. మధ్యమధ్యలో కనెక్షన్ తెగి అతుక్కుంటూ ఉంటాయి.

డిస్కులు ఎవరి చేతిలో ఉండాలి

వీడియోలో దీనికే ఎక్కువ సమయం తీసుకున్నాను, ఇక్కడా అంతే. ప్రాక్స్‌మాక్స్‌ని ఒక చిన్న ఎస్ఎస్‌డీ మీద ఎక్కిస్తాం. రెండు పెద్ద డిస్కులు ట్రూనాస్ గదికి ఇవ్వాలి. ఎలా ఇస్తామన్న దగ్గరే ఉంది అసలు విషయం.

తేలిక దారి ఒకటి కనిపిస్తుంది. పెద్ద డిస్కు ప్రాక్స్‌మాక్స్ దగ్గరే ఉంచేసి, దానిమీద ఒక పెద్ద ఫైలు తయారుచేసి, ఇదే నీ డిస్కు అని ట్రూనాస్‌కి చెప్పడం. రెండు నిమిషాల్లో అయిపోతుంది, బాగానే నడుస్తుంది కూడా. కానీ ఇప్పుడు ట్రూనాస్ చేతిలో ఉన్నది డిస్కు కాదు, డిస్కు బొమ్మ. అసలు డిస్కు వేడెక్కుతోందా, పాడవుతోందా అన్నది దానికి తెలియదు. రేపు ఆ కంప్యూటర్ బోర్డు కాలిపోతే డిస్కు ఊడదీసి ఇంకోదాన్లో పెట్టగానే వీడియోలు కనబడవు, ముందు ఆ బొమ్మను బయటికి లాగాలి. ఆ పని తెలిసినవాడు మన ఊళ్లో దొరకడు.

సరైన దారి, డిస్కులు తగిలించి ఉన్న కంట్రోలర్‌నే మొత్తంగా ట్రూనాస్ గదికి అప్పగించడం. దీన్ని పాస్‌త్రూ అంటారు. కౌలుకిచ్చినట్టు కాకుండా రిజిస్ట్రేషన్ చేసి ఇచ్చేసినట్టు. బయోస్‌లోకి వెళ్లి ఇంటెల్ అయితే వీటీ-ఎక్స్, వీటీ-డీ రెండూ, ఏఎండీ అయితే ఎస్‌వీఎం, ఐఓఎంఎంయూ రెండూ ఆన్ చేయాలి. మొదటిది లేకపోతే గదులే కట్టలేం, రెండోది లేకపోతే కంట్రోలర్‌ని అప్పగించలేం. ప్రాక్స్‌మాక్స్ ఉన్న ఎస్ఎస్‌డీ ఎన్‌వీఎంఈ రకం అయితే బోర్డు మీదున్న సాటా కంట్రోలర్‌ని కొన్ని బోర్డుల్లో అలాగే ఇచ్చేయొచ్చు. కుదరకపోతే ఎల్ఎస్ఐ హెచ్‌బీఏ కార్డు అని పాతవి దొరుకుతాయి, ఐటీ మోడ్‌లో ఉన్నది అడగండి. ఆ కార్డు బాగా వేడెక్కుతుంది, దాని మీదికి గాలి తగిలేలా ఒక చిన్న ఫ్యాన్ పెట్టాలి.

ఇవేవీ కుదరనివాళ్లకు మధ్యే మార్గం ఉంది. కంట్రోలర్ కాకుండా రెండు డిస్కుల్ని విడివిడిగా ఇవ్వడం. వీడియోలో 14వ నిమిషం దగ్గర ఆ కమాండ్ ఉంది. ఇందులో డిస్కును దాని సీరియల్ నంబరు ఉన్న పేరుతోనే పిలవాలి, కేవలం వరస అక్షరంతో పిలిస్తే రీస్టార్ట్ అయినప్పుడు వరస మారిపోవచ్చు. సీరియల్ నంబరు కూడా కమాండ్‌లో కలిపి ఇవ్వాలి, లేదంటే రెండు డిస్కులూ ఒకటేలా ఉన్నాయని ట్రూనాస్ పేచీ పెడుతుంది. ఈ పద్ధతిలో డిస్కు ఆరోగ్యం ట్రూనాస్‌కి కనబడదు, ప్రాక్స్‌మాక్స్ వైపు నుంచి మీరే చూసుకుంటూ ఉండాలి. లోపల డేటా మాత్రం నేరుగా డిస్కు మీదే ఉంటుంది కాబట్టి ఊడదీసి ఇంకో ట్రూనాస్‌లో పెడితే వచ్చేస్తుంది. అందుకని ఇది ఫర్వాలేదు అంటాను.

ఏ పద్ధతైనా ఒకటి మర్చిపోవద్దు. ట్రూనాస్‌కి ఇచ్చేశాక ఆ డిస్కుల్ని ప్రాక్స్‌మాక్స్ వైపు నుంచి ముట్టుకోకూడదు. అక్కడ కూడా డిస్కు పేరు కనబడుతూ ఉంటుంది, స్టోరేజ్‌గా కలుపుకుందామా అనిపిస్తుంది. రెండు వైపుల నుంచీ ఒకేసారి రాస్తే డేటా మొత్తం చెడిపోతుంది, దాన్ని బాగుచేసే దారి లేదు. ట్రూనాస్ గదికి ఇచ్చే ర్యామ్ కూడా ఇంత అని గట్టిగా ఇవ్వండి, అవసరాన్నిబట్టి పెంచుతూ తగ్గిస్తూ ఉండే బెలూనింగ్ అనేది తీసేయండి.

లోపలికి వెళ్లాక రెండు డిస్కుల్నీ మిర్రర్‌గా కట్టాలి. ఏది రాసినా రెంటి మీదా పడుతుంది, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది. 4 టీబీవి రెండు పెడితే మనకు వాడుకోడానికి వచ్చేది 4 టీబీయే, 8 కాదు. దీని కింద ఉన్న జెడ్‌ఎఫ్‌ఎస్ అనే పద్ధతికి ఒక మంచి గుణం ఉంది. ప్రతి ముక్కకీ ఒక లెక్క రాసి పెట్టుకుంటుంది. నెలకోసారి మొత్తం చదివి లెక్క సరిపోయిందా అని చూస్తుంది, దీన్ని స్క్రబ్ అంటారు. ఒక డిస్కులో ముక్క చెడితే రెండో డిస్కులోంచి మంచి ముక్క తెచ్చి అతికిస్తుంది. దాచిన విత్తనాన్ని అప్పుడప్పుడూ దింపి, ఎండబోసి, పురుగుందేమో చూసుకుంటాం కదా, అదే పని.

ఇక స్నాప్‌షాట్. ఈ మొత్తం వ్యవహారంలో మనలాంటివాళ్లకు ఎక్కువ ఉపయోగపడేది ఇదే అని నా అభిప్రాయం. డిస్కులు పాడవడం కంటే మనుషులు చెరిపేయడమే ఎక్కువ జరుగుతుంది. పిల్లలు ఫోల్డర్ తుడిచేస్తారు, ఎడిటింగ్ చేసే కుర్రాడు పాత ఫైలు మీద కొత్తది రాసేస్తాడు, లేదంటే విండోస్ కంప్యూటర్‌లోకి వైరస్ దూరి షేర్‌లో ఉన్నవాటికి కూడా తాళాలు వేసేస్తుంది. మిర్రర్ ఇక్కడ ఏమీ చేయలేదు, చెరిపితే రెంటిలోనూ ఒకేసారి చెరిగిపోతుంది. స్నాప్‌షాట్ మాత్రం ఆ క్షణంలో ఎలా ఉందో అలా పట్టి ఉంచుతుంది. తీసినప్పుడు దాదాపు చోటే తీసుకోదు, తర్వాత మారినవాటికి, చెరిపినవాటికి మాత్రమే తీసుకుంటుంది. నేను రోజూ ఒకటి తీసి రెండు వారాలు, వారానికొకటి తీసి రెండు నెలలు, నెలకొకటి తీసి ఏడాది ఉండేలా పెట్టాను. అంటే ఖరీఫ్‌లో చెరిగింది రబీ కోతలప్పుడు గుర్తొచ్చినా దొరుకుతుంది.

కరెంటు, ఎండ, ఎలుకలు

పట్నం వాళ్లు చేసిన వీడియోల్లో ఇవి ఉండవు. మన ఇళ్లలో అసలు శత్రువులు ఇవే.

రెండు డిస్కులతో కలిపి ఇలాంటి డెస్క్‌టాప్ మామూలుగా 40 వాట్ల దగ్గర లాగుతుంది. రోజంతా నడిస్తే ఒక యూనిట్‌కి కొంచెం తక్కువ, నెలకి 29 యూనిట్లు. మీ స్లాబు మారుతుందేమో లెక్క చూసుకోండి. కరెంటు పోయి వచ్చే ఊళ్లలో యూపీఎస్ లేకుండా దీన్ని నడపొద్దు. ఇన్వర్టర్ ఉంది కదా అంటే, కొన్ని ఇన్వర్టర్లు మారేలోపు కంప్యూటర్ ఆగిపోతుంది, దాని మీద యూపీఎస్ మోడ్ అని ఉంటే అందులో పెట్టి, ఫ్యూజు తీసి పరీక్ష చేసుకోండి. యూపీఎస్‌కి యూఎస్‌బీ తీగ ఉన్నది తీసుకుంటే, బ్యాటరీ సగానికి వచ్చినప్పుడు ముందు గదులన్నీ, ఆ తర్వాత ప్రాక్స్‌మాక్స్ వాటంతటవే పద్ధతిగా ఆగిపోయేలా నట్ అనే సాఫ్ట్‌వేర్‌తో పెట్టుకోవచ్చు. కరెంటు వచ్చాక తనంతట తానే లేచేలా బయోస్‌లో ఒక ఎంపిక ఉంటుంది. లేచేటప్పుడు ట్రూనాస్ ముందు లేవాలి, మిగతావి రెండు నిమిషాలు ఆగి లేవాలి. ఈ వరస పెట్టకపోతే ఇమ్మిచ్ లేచి ఫొటోలేవీ లేవని గాభరా పెడుతుంది.

ఎండాకాలం డిస్కు వేడి 50 డిగ్రీలు దాటకుండా చూసుకోండి. రేకుల గదిలో, వంటింటి గోడ పక్కన పెట్టొద్దు. ఊక దుమ్ము, గడ్డి నుసి ఫ్యాన్లలో ఇరుక్కుంటుంది, నెలకోసారి ఆపి బ్రష్‌తో దులపండి. వెనక ఖాళీ స్లాట్లకు సన్న జాలీ కట్టండి, లేదంటే బల్లులు, చీమలు కాపురం పెడతాయి. ఎలుకల సంగతి చెప్పక్కర్లేదు, తీగలు పైపులో వేయండి. ఉరుములు మొదలైతే నేను ప్లగ్గు, నెట్‌వర్క్ తీగ రెండూ పీకేస్తాను. ఎర్తింగ్ ఎంత బాగున్నా పిడుగుతో పందెం వేయను.

రౌటర్ నుంచి సర్వర్‌కి తీగే వేయండి, వైఫై వద్దు. తీగలో ఎనిమిది పోగులూ సరిగ్గా ఉంటే సెకనుకి 110 ఎంబీ దాకా వెళ్తుంది. నాలుగు పోగులే కలిపితే 11, 12 దగ్గర ఆగిపోతుంది, సర్వర్ బాగాలేదని దాన్ని తిట్టుకుంటాం. పొలంలో ఉన్నప్పుడు ఫోన్‌లోంచి చూడాలంటే టెయిల్‌స్కేల్ వేసుకోండి. మొబైల్ నెట్ మీద నడిచే రౌటర్లలో బయటి నుంచి లోపలికి దారి తెరవడం చాలావరకు కుదరదు. కుదిరినా అలా తెరిచి పెట్టడం వీధి తలుపు తీసి పడుకున్నట్టే. టెయిల్‌స్కేల్‌తో మన ఫోన్లకు మాత్రమే దారి ఉంటుంది.

ఇంత చేసినా అన్నీ ఒకే కప్పు కింద ఉన్నాయి. దొంగతనం, అగ్గి, వరద వస్తే మిర్రర్, స్నాప్‌షాట్ రెండూ ఒకేసారి పోతాయి. మన పెద్దవాళ్లు మంచి విత్తనం దొరికితే పక్కూరి వియ్యంకుడికి కూడా కొంత ఇచ్చిపెట్టేవాళ్లు, మన దగ్గర చెడినా అక్కడ ఉంటుందని. అలాగే ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు మా తమ్ముడి ఇంట్లో ఉంటుంది. పంట పంటకీ వెళ్లినప్పుడు అది తెచ్చుకుని, కొత్తవి ఎక్కించిన ఇంకోటి అక్కడ పెట్టి వస్తాను. తెచ్చినప్పుడు నాలుగైదు వీడియోలు తెరిచి చివరిదాకా ఆడించి చూస్తాను. ఎక్కించామన్న నమ్మకం వేరు, తెరిచి చూడ్డం వేరు.

చివరగా ఒక కాగితం పని. ప్రాక్స్‌మాక్స్ పాస్‌వర్డ్, ట్రూనాస్ పాస్‌వర్డ్, రెండింటి ఐపీ నంబర్లు, ఏ డిస్కు ఏ తీగకి ఉంది, తాళం వేసి ఉంటే ఆ తాళం ఫైలు ఎక్కడుంది, ఇవి చేత్తో రాసి పొలం పాస్‌బుక్కుతో పాటు బీరువాలో పెట్టండి. ఇంట్లో ఇంకొకరి చేత, మీరు పక్కన లేకుండా, ఆ కాగితం చూసి ఒక వీడియో తెరిపించండి. మా ఇంట్లో మా ఆవిడ తెరిచింది. రెండు చోట్ల నా చేతిరాత అర్థం కాలేదంది, మళ్లీ పెద్దక్షరాలతో రాసి పెట్టాను.